ఖాళీ గడి

ఆసుపత్రిలో కంప్యూటర్ పని చూసే ఆయన్ను అందరూ పూర్తిగారు అంటారు. ఏ కాగితం ఇచ్చినా ఒక్క గడి కూడా ఖాళీ వదలరు కనుక ఆ పేరు వచ్చింది. చిన్నప్పుడు పరీక్షలో రెండు ప్రశ్నలు వదిలేశారని మాస్టారు బెత్తంతో చెప్పిన పాఠం నలభై ఆరేళ్ళు వచ్చినా అరచేతిలోనే ఉంది. ఆ తర్వాత ఆయన నోటివెంట 'తెలియదు' అన్న మాట విన్నవాళ్ళు లేరు. "నాన్నా, చీమలు నిద్రపోతాయా?" అని కూతురు అడిగితే, రెప్ప వేయకుండా "రోజుకు నాలుగు గంటలు" అని చెప్పిన మనిషి. భార్య వంటింట్లోంచి, "ఆ చీమ వచ్చి మీకు చెప్పిందా?" అంది.

అలాంటి ఆయనకే రోగుల కార్డులన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించే పని వచ్చింది. టైపిస్టులు ఆరు వేల కార్డులు చూసి ఫైళ్ళు తయారుచేశారు. పూర్తిగారు ప్రోగ్రాం రాశారు. అది ముందు టేబుల్ కడుతుంది, ఆపైన ఫైళ్ళు చదివి ఒక్కో వరసా నింపుతుంది. టేబుల్ కట్టేటప్పుడే 'ఏ గడీ ఖాళీగా ఉండకూడదు' అని నియమం పెట్టారు. ప్రోగ్రాం నలభై ఒకటో వరస దగ్గర మొరాయించింది. 'పడని మందులు' అన్న గడిలో ఏమీ లేదట. దానికేం భాగ్యం అనుకుని పూర్తిగారు ఇంకో ముక్క చేర్చారు. ఖాళీ ఉన్నా, గీత ఉన్నా, 'లేదు' అని రాసెయ్. ఆరు వేల వరసలూ చకచకా నిండిపోయాయి.

కార్డుల గదిలో ఇరవై ఆరేళ్ళుగా ఉన్న పెద్దావిడ అప్పుడే నసిగింది.

"నా కార్డులో గీత వేరు, ఖాళీ వేరు బాబూ."

"రెండింట్లోనూ ఏమీ లేదు కదక్కా!" అన్నారాయన నవ్వుతూ. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

కొత్త స్క్రీన్లు పెట్టిన మొదటి రోజు పొద్దున్న పది గంటలకు, ఆవిడ ఒక కార్డు పట్టుకుని ఆయన బల్ల దగ్గరకు వచ్చింది. ముఖం పాలిపోయి ఉంది.

"పూర్తిగారూ, ఈ టైలర్ పెద్దాయనకు మందు పడదో పడుతుందో మేం ఎన్నడూ అడగలేదు. అందుకే ఖాళీ ఉంచాను. అడిగి, ఏమీ లేదంటేనే గీత పెడతాను. మీ స్క్రీన్‌లో 'లేదు' అని ఎక్కడి నుంచి వచ్చింది?"

పూర్తిగారు కార్డునూ స్క్రీన్‌నూ మార్చి మార్చి చూశారు. అడగలేదు. లేదు. ముందున్న 'అడగ' తీసేసింది ఆయన చేయే. ఆ ఆసుపత్రిలో గీత ఉన్నవాళ్ళకు నేరుగా సూది వేస్తారు. ఖాళీ ఉన్నవాళ్ళకు ముందు చర్మం కింద చుక్క మందు వేసి చూస్తారు. ఇప్పుడు స్క్రీన్‌లో ఖాళీ అన్నదే లేదు.

"ఆయన ఎక్కడున్నాడక్కా?"

"సూదుల గదిలోకి తీసుకెళ్ళారు. కాలి పుండు చీము పట్టి, ఒళ్ళు తెలియని జ్వరం."

పూర్తిగారు పరుగెత్తారు. అప్పుడే తుడిచిన వసారాలో చెప్పు జారి గోడకు భుజం కొట్టుకుంది. తలుపు తోసేసరికి సిస్టర్ పెద్దాయన చేతికి పట్టీ కట్టి, సిరంజి పైకెత్తి గాలి తీస్తోంది.

"ఆగండి సిస్టర్! వేయకండి!"

పక్కనున్న డాక్టరమ్మ కనుబొమలు ముడిచింది. "ఏమిటండీ ఇది? పడని మందులు లేవని మీ టేబులే చెప్తోంది కదా?"

"అది నేను రాసిన మాటమ్మా. ఆయన చెప్పింది కాదు."

"అయితే ఈ మందు పడుతుందా, పడదా? తేల్చి చెప్పండి."

పెద్దాయనను ఆటోలో తెచ్చిన పొరుగాయనకు పేరు తప్ప ఏమీ తెలియదు. పెద్దాయన పెదాలు కదుపుతున్నాడు కానీ మాట లేదు. అలవాటుకొద్దీ పూర్తిగారి నోట్లో ఏదో జవాబు తయారైంది. ఆయన దాన్ని మింగేశారు.

"తెలియదు. నాకు తెలియదమ్మా. ఎవరికీ తెలియదు."

స్క్రీన్‌లో ఉన్నది నమ్మి ఎవరికీ సూది వేయవద్దని డాక్టరమ్మ అన్ని గదులకూ కబురు చేయించింది. సిస్టర్ పెద్దాయన ముంజేతిలో చుక్క మందు వేసి, చుట్టూ పెన్నుతో సున్నా గీసింది. పావుగంట చూడాలి.

పూర్తిగారు అక్కడే నిలబడ్డారు. అయిదు నిమిషాలు ఏమీ లేదు. పది నిమిషాలు. ఏమీ కనిపించకూడదని కోరుకున్నారు. అది ఆ పెద్దాయన కోసమో, తన తప్పు చిన్నదైపోవాలనో ఆలోచించుకుంటే ఆయనకే సిగ్గేసింది. పన్నెండో నిమిషంలో చర్మం ఎర్రబడింది. చూస్తుండగానే దద్దురు ఉబ్బి, పెన్ను గీత దాటింది.

"వేరే మందు తీయండి," అంది డాక్టరమ్మ. పూర్తిగారి వైపు చూడలేదు. తిట్టినా బాగుండుననిపించింది ఆయనకు.

బల్ల దగ్గరకు వచ్చి, ప్రోగ్రాంలో ఆ ముక్క కొట్టేశారు. ఖాళీ కూడదన్న నియమాన్నీ కొట్టేశారు. టేబుల్ మొత్తం కూల్చి, మళ్ళీ కట్టి, ఫైళ్ళలోంచి మళ్ళీ నింపారు. మూడు నిమిషాలు పట్టింది. పదకొండు వందల నలభై రెండు గళ్ళు ఖాళీగా తేలాయి.

"అక్కా, ఇవన్నీ మనం అడగాలి," అన్నారు.

ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని కుర్చీ లాక్కుంది. "రోజుకు ముప్ఫై మందికి ఫోన్ చేద్దాం. మీరు రాయండి. నేను అడుగుతాను."

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి కూతురు గుమ్మంలోనే పట్టుకుంది.

"నాన్నా, చేపలకు దాహం వేస్తుందా?"

ఆయన చెప్పులు విప్పి, కుర్చీలో కూర్చున్నారు.

"తెలియదమ్మా."

పిల్ల ఆయన ముఖంలోకి ఒక్క క్షణం చూసి, లోపలికి పరుగెత్తింది. "అమ్మా! నాన్నకు ఒంట్లో బాగోలేదు!"

భార్య తడి చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ వచ్చి ఆయన నుదుటి మీద పెట్టి చూసింది. జ్వరం లేదు. తీయబోతుంటే, ఆయన ఆ చేతిని అక్కడే పట్టుకున్నారు.