మూడ్ కుదరని పెయ్‌జెన్

చైనాలోని లాన్‌జౌలో నర్సింగ్ చదివే రోజుల్లో లువో పెయ్‌జెన్‌కి ఒక గట్టి నమ్మకం ఉండేది: తనలో గొప్ప కళ ఉంది, మూడ్ కుదరడమే తరువాయి. చదువు చివరికొచ్చినా ఆ మూడ్ కుదరలేదు. కోపాన్ని అదుపులో పెట్టుకోవడం ఎలాగో జూనియర్లకు మాత్రం ఉపన్యాసం దంచింది. వేదిక దిగుతుంటే ఒక పిల్ల పొరపాటున కాలు తొక్కితే, దాన్ని ఏడిపించి వదిలింది.

ఆఖరి ఏడు గావ్ టీచర్ విద్యార్థుల్ని ఇద్దరిద్దరిగా జతచేసి ఒక పని అప్పగించింది. సూదికి భయపడే పిల్లల కోసం కొత్తగా ఏదైనా తయారు చేయాలి. పెయ్‌జెన్‌కి జత ఆమె గదిలోనే ఉండే మా హుయ్‌లాన్.

"చేతికి తొడుక్కునే గాడిద బొమ్మ చేద్దాం. చూసినవాళ్ల కళ్లు చెదరాలి. బొమ్మ నేను కుడతా, రాతపని నువ్వు చూసుకో," అంది పెయ్‌జెన్.

హుయ్‌లాన్ రాతపని ముగించేసింది. పెయ్‌జెన్ గుడ్డ కొంది. అది గాడిద రంగు కాదని మార్చుకొచ్చింది. గోళ్లకు రంగేసుకుంది, బీరువా సర్దింది, గొడ్డుమాంసం నూడుల్స్ తింటే బుర్ర పనిచేస్తుందని వెళ్లి, తిన్నాక నిద్రొస్తోందని పడుకుంది. ఒకసారి కత్తెర పట్టుకుంది గానీ, మనసులోని గాడిద గుడ్డ మీదికి రాదేమోనని భయమేసింది. కత్తెర కింద పెట్టగానే ప్రాణం హాయిగా ఉంది. ఆ పిరికితనానికే ముద్దుగా మూడ్ అని పేరు పెట్టుకుంది.

"ఎంతవరకొచ్చిందే?" అని హుయ్‌లాన్ అడిగితే కసిరింది.

"కళంటే పుండుకి కట్టు కట్టడం అనుకున్నావా? నస పెట్టకు, ఉన్న మూడ్ కాస్తా పోతుంది."

"పోవడానికి అసలు వస్తేగా!"

పెయ్‌జెన్ దిండు తీసి హుయ్‌లాన్ మొహాన విసిరింది.

బొమ్మ చూపించాల్సిన ఉదయం పెయ్‌జెన్ పిల్లల వార్డులో ఖాళీ చేతులతో నిలబడి ముక్కు ఎగబీల్చింది.

"ఏడుపు తర్వాత ఏడుద్దువుగాని," అంది గావ్ టీచర్. "ఇదిగో మేజోడు. ఆ ఏడుస్తున్న పాపకి సెలైన్ పెట్టేలోపు ఏదో ఒకటి చెయ్యి."

పెయ్‌జెన్ మేజోడుకి రెండు గుండీలు కుట్టింది, కట్టుగుడ్డతో చెవులు తగిలించింది. పాప ఏడుపాపి చూసింది.

"ఏంటిది?"

"గాడిద."

"గాడిదా! ఉడికిన కుడుముకి చెవులొచ్చాయి!"

పాప పడీపడీ నవ్వింది. ఆ నవ్వులో హుయ్‌లాన్ సూది ఎక్కించేసింది. పాప చేతివంక చూడనైనా లేదు.

"అక్కా, కుడుముని మళ్లీ ఆడించవా?"

పని నెగ్గిందని వార్డంతటికీ తెలిసింది, పెయ్‌జెన్‌కి తప్ప. ఆమెకి వినిపించింది కుడుము ఒక్కటే. చెవులదాకా ఎర్రబడి, మేజోడుని చెత్తబుట్టలో కుక్కింది.

"ఇలాంటివి ఇంకొన్ని చెయ్యమ్మా, వార్డులో ఉంచుదాం," అంది గావ్ టీచర్.

"ఇలాంటివా? చేస్తే గొప్పవే చేస్తాను టీచర్. కాస్త టైమివ్వండి."

ఇచ్చింది. చివరికి అవి హుయ్‌లాన్ కుట్టింది, ఒకదాన్ని మించి ఒకటి వంకరగా. పిల్లలు అవి చిరిగేదాకా ఆడుకున్నారు. ఆలోచన తనదేనని పెయ్‌జెన్ కనబడ్డవాళ్లందరికీ చెప్పింది.

ఇప్పుడామె ఒక పంటి డాక్టరు దగ్గర నర్సు. పిల్లలు కూర్చునే గదిలో గోడ మీద బొమ్మలేస్తానంటే, డాక్టరు మురిసిపోయి సున్నం కూడా వేయించాడు. గోడ ఇంకా తెల్లగానే ఉంది.