నమూనా మనిషి

కుమాసీ ఆసుపత్రి ల్యాబులో పనిచేసే క్వబెనా అసియామా వెదురుబద్దలా ఉంటాడు. ఆ సన్నదనమే అతని గర్వం. కొత్త పరీక్ష ఏది వచ్చినా, మిషన్ సరిగ్గా చెబుతోందో లేదో చూడడానికి ఆరోగ్యవంతుడి రక్తం కావాలి. అప్పుడల్లా అతను దానకర్ణుడిలా చొక్కా చెయ్యి పైకి మడుస్తాడు. రక్తనాళాలు లోలోపల గట్టిపడుతుంటే ముందే పట్టిచ్చే పరీక్ష ఆ పొద్దున వచ్చింది. అతని అంకె వానలకు పొంగిన ఏరులా గట్టు దాటింది. మిషన్‌ని తిట్టి, తుడిచి, మళ్లీ పెట్టాడు. అదే అంకె. తోటి ఉద్యోగిని అఫ్రకోమా తన రక్తం పెడితే, అది బుద్ధిగా హద్దులోనే నిలిచింది. “మిషన్ బానే ఉందన్నా. రోజూ వేయించిన అరటికాయ ముక్కలు పొట్లాలకి పొట్లాలు లాగిస్తావు, అవన్నీ ఎక్కడికి పోతాయనుకున్నావ్?” అంది. “ఒంటికి పట్టట్లేదని మురిసిపోయానే తల్లీ!”

క్వబెనాకి నవ్వొచ్చింది. ఇన్నేళ్లూ రోగుల రక్తాన్ని తన రక్తం పక్కన పెట్టి, పాపం అని నిట్టూర్చింది తనే. డాక్టరు గది ముందు బల్ల మీద కూర్చుంటే, పక్కన నిలబడ్డ ముసలమ్మ వింతగా చూసింది. “నువ్వు లోపల పనిచేసేవాడివి కదయ్యా, ఇక్కడ కూర్చున్నావేం?” “ఒక ఉద్యోగం ఊడిందమ్మా,” అన్నాడు క్వబెనా, కొంచెం జరిగి ఆమెకు చోటిస్తూ. “ఆరోగ్యవంతుడి ఉద్యోగం.”