రెండు బాయిల కొమురెల్లి

నస్పూరు దిక్కు బావినీ బాయి అంటారు, బొగ్గుగనినీ బాయే అంటారు. ఏ బాయో అడిగే పని పడదు, మనిషిని చూస్తే తెలిసిపోతుంది. కొమురెల్లి విషయంలో మాత్రం తెలిసేది కాదు. అతనికి రెండూ ఉన్నాయి. ఊళ్లో అన్న అంకయ్యతో పొత్తులో తాత తవ్వించిన మోటబాయి, పొలిమేరలో కొత్తగా తెరిచిన బొగ్గుబాయిలో పంపు నడిపే నౌకరీ. "బాయికి పోయిండు" అని పెండ్లాం బుచ్చవ్వ చెబితే, వచ్చినవాళ్లు "ఏ బాయికే?" అని నవ్వేవాళ్లు.

పంపు దగ్గర కూర్చోవడం కూడా ఒక పనేనా అని తట్టలు మోసేవాళ్లు ఎగతాళి చేసేవాళ్లు. కానీ బొగ్గుపొరల్లోంచి ఊట రాత్రనక పగలనక దిగుతూనే ఉంటుంది. పంపు ఒక పూట ఆగితే కిందివాళ్ల మోకాళ్లు మునుగుతాయి. కొమురెల్లి దాన్ని చంటిపిల్లలా చూసుకున్నాడు. ఆ ఊట ఎక్కడిదో మాత్రం ఎన్నడూ ఆలోచించలేదు. మోటబాయిలో నీళ్లు కిందికి దిగితే వానలు తక్కువని అందరిలాగే అనుకున్నాడు.

ఆలోచించింది ఇంజినీరు దామోదర్‌రావు. ఒకనాడు అతన్ని పిలిచి విడమరిచి చెప్పాడు.

"మనం ఇక్కడ తోడుతుంటే మీ ఊరి బావులు దిగుతయి కొమురెల్లీ. తోడకుంటే పని నడువది. తోడిన నీళ్లను వాగుల కలిపి దండుగ చేసుడెందుకు? మడుగు కట్టి, మసి తేరినంక మీ పొలాలకు కాలువ తీపిస్త. కాలువకు జాగ ఇస్తరేమో మీవాళ్లను అడిగిరా. వానలకు ముందే చెప్పాలె."

కొమురెల్లికి పట్టరాని సంతోషం. తెల్లారి అన్న వాకిట్లో పదిమంది కూర్చున్న చోటికి పోయి, నిలబడే చెప్పేశాడు.

"అన్నా, బాయి నీళ్లకు కాలువ తీస్తరట. మన పొలాల నడుమ జాగ అడుగుతున్నరు."

అంకయ్య నోట్లో చుట్ట తీసి నేలకు కొట్టాడు. "బాయి నీళ్లా? మనకే సాలుతలెవ్వు. కాలువ తీసి కంపెనీవాళ్ల కోటర్లకు మలుపుకపోతరా? తాత తవ్విచ్చిన బాయిరా గది! నాలుగు రాళ్లు సంపాయించంగనే తిన్నింటి వాసాలు లెక్కవెడ్తున్నవా?"

పదిమందిలో అంత మాట! కొమురెల్లికి ఒళ్లు మండింది. తువ్వాల దులిపి భుజాన వేసుకుని, "మీ కర్మ" అని వచ్చేశాడు. వాగు దాటుతుంటే తట్టింది. తాను చెప్పింది బొగ్గుబాయి, అన్న విన్నది ఇంటిబాయి. నీళ్లలో నిలబడి ఒక్కడే నవ్వుకున్నాడు కూడా. వెనక్కి పోయి 'బొగ్గు' అన్న ఒక్క ముక్క చేర్చి వస్తే సరిపోయేది. పౌరుషం అడ్డొచ్చింది. వాడినే రానీ, నా గడప తొక్కి అడగనీ అనుకున్నాడు. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. దాటని మాట ఊరినే ఎండబెడుతుందని అతనికేం తెలుసు?

అంకయ్య రాలేదు. "ఊరోళ్లు ఒప్పుకోలే సారూ" అని కొమురెల్లి ఇంజినీరుతో చెప్పాడు. అది అబద్ధం కాదు, నిజమూ కాదు. వానలు పడకముందే గొట్టాలు వాగు వైపు వేశారు. ఆ తర్వాత మాట కలిపినా ఒరిగేదేమీ లేదని అతను నోరు మూసుకున్నాడు.

మరుసటి ఎండాకాలం ఊళ్లో బావులు ఒక్కొక్కటే అడుగంటాయి. మోటబాయిలో బొక్కెన దించితే బురద వచ్చింది. ఎద్దులు అంగడికి పోయాయి. ఏ బాయివాళ్ల మీదైతే మండిపడ్డాడో ఆ బాయిలోకే అంకయ్య కూలికి దిగాడు. పంపు పక్క గుంతలో మడ్డి ఎత్తే పనిలో వేశారు.

మొదటిరోజే, గొట్టం అతుకు దగ్గర కారుతున్న ధారకు దోసిలి పట్టి ఒక గుక్క తాగాడు.

"మంచిగనే ఉన్నయి తమ్మీ. నువ్వు కాలువ తీస్తరన్నది గీ నీళ్లకేనా?"

కొమురెల్లి తల ఊపాడు.

"మరి గప్పుడు ఏ బాయో చెప్పకపోతివి."

ఆ గొంతులో కోపం ఉంటే బాగుండేది. లేదు. కొమురెల్లి పంపు మీద చెయ్యి పెట్టి ఏడ్చాడు. ఆ మోతలో అన్నకు వినిపించలేదు. ఊరి నీళ్లు గొట్టంలోంచి వాగుకు పోతూనే ఉన్నాయి. ఆపడానికి లేదు. ఆపితే, ముందు మునిగేవి అంకయ్య మోకాళ్లే.