హాలహర్వి కారు వెనక అద్దం

మా చిన్నాయన పోయాడని పోయిన నెలలో ఒక పొద్దున చిన్నమ్మ ఫోన్ చేసి చెప్పింది. అప్పుడు నేను ఆదోనిలో నా షెడ్డు తాళం తీస్తున్నాను. ముందురోజు బాగానే ఉన్నాడట, తెల్లారి లేపితే లేవలేదట. వాళ్లుండే ఎమ్మిగనూరు ఎంత దూరం, గంట కూడా పట్టదు. ఆ గంట దారి ఎనిమిది నెలలుగా పోకుండా ఉన్నవాణ్ణి. "వచ్చాండావా నాయనా" అని ఆమె అడిగితే, తీసిన తాళం మళ్లీ వేసేశాను.

చిన్నాయన నలభై ఏళ్లు వచ్చేదాకా మగ్గం నేశాడు. దానిమీద ఇల్లు గడవక, నందవరం పోయే దారిలో రేకుల షెడ్డు వేసుకుని కార్ల కరెంటు పని పట్టాడు. అందులోనూ అద్దాల పనికి ఆయన పెట్టింది పేరు. స్విచ్చి నొక్కితే దిగని అద్దాలు, దిగి ఎక్కని అద్దాలు, సగంలో మొండికేసినవి, అన్నీ ఆయన దగ్గరికే వచ్చేవి. నాకు ఈ పని నేర్పింది కూడా ఆయనే.

కారు వచ్చీ రాగానే తలుపు విప్పే అలవాటు ఆయనకు లేదు. ముందు లోపల కూర్చుని, డ్రైవరు పక్కనుండే అద్దాల లాకు బటన్ ఎవరైనా నొక్కి మరిచారేమో చూసేవాడు. కొందరి పని అక్కడే తేలిపోయేది, సిగ్గుపడుతూ వెళ్లిపోయేవారు. తర్వాత కారు లోపలి లైటు వేసి అద్దం స్విచ్చి నొక్కేవాడు. లైటు కాస్త మసకబారితే మోటారు కరెంటు లాగుతోందని, అద్దమే ఎక్కడో ఇరుక్కుందని లెక్క. ఆదోని పత్తి మిల్లుల వైపు తిరిగే కార్లలో అయితే అద్దం జారే గాడిలో పత్తి నూగు గడ్డకట్టి ఉండేది. దాన్ని పాత బ్రష్షుతో గీకి తీసి, కారు సొంతదారు అరచేతిలో పెట్టి చూపించేవాడు. లైటు మసకబారకపోతే మోటారుదాకా కరెంటే రావడం లేదు. అప్పుడు స్విచ్చి నొక్కిపట్టి తలుపును మెల్లగా తీస్తూ మూస్తూ ఉండేవాడు. ఏదో ఒకచోట అద్దం ఉలిక్కిపడితే, తలుపుకూ బాడీకీ మధ్యనున్న రబ్బరు గొట్టంలో తీగ తెగిందని అర్థం.

"అద్దం దిగలేదంటే మోటారు సచ్చిందని కాదురా. కరెంటు యాడ నిలబడిందో సూడల్ల ముందు," అనేవాడు. నాకేమో తొందరెక్కువ. వెతకడం కంటే మోటారు మార్చేయడమే నాకు తేలిక.

కొత్తలో ఆయనా ఒక తప్పు చేశాడట. తెగిన తీగలను మగ్గం మీద పోగులు అతికినట్టే, వేలికి బూడిద అద్దుకుని మరీ మెలిపెట్టి టేపు చుట్టాడు. నెల తిరక్కుండా ఆ కారు మళ్లీ వచ్చింది. అతికిన పోగు బట్టలో కదలకుండా కూర్చుంటుంది. తలుపు తీగ అట్లా కాదు, తీసినప్పుడల్లా వంగుతుంది. అప్పటినుంచి వంగే చోట ఆయన అతుకు పెట్టలేదు. గొట్టం పొడుగునా కొత్త తీగ లాగి, అతుకులను లోపలికి జరిపి టంకం పెట్టేవాడు. రెండు అతుకులు పక్కపక్కన పడకుండా చూసుకునేవాడు. బూడిద సంగతి అందరికీ చెప్పి తనమీద తానే నవ్వుకునేవాడు. నా తప్పుల మీద నేను అట్లా నవ్వడం నేర్చుకోలేదు.

ఆయన పోవడానికి ఎనిమిది నెలల ముందు హాలహర్వి నుంచి ఒక రైతు తన కారు నా దగ్గరికి తెచ్చాడు. వెనక ఎడమ అద్దం ఆడటం లేదు. నేను లైటూ చూడలేదు, తలుపూ కదిలించలేదు, కొత్త మోటారు వేసేశాను. విప్పి బిగించే కుదుపులకు తెగిన తీగ కొసలు తాకినట్టున్నాయి, అద్దం ఆడింది. వారం తర్వాత ఆయన ఎమ్మిగనూరులో కూతురింటికి పోతే, దిగిన అద్దం వానలో మళ్లీ ఎక్కలేదు. దాన్ని చిన్నాయన తీగ మార్చి బాగుచేశాడని నాకు బజారులో తెలిసింది. నా చేతగానితనాన్ని నలుగురిలో చెప్పే ఉంటాడని నాకు నేనే అనుకున్నాను. ఫోన్ చేసి అనరాని మాటలన్నాను. నా గిరాకీ చెడగొట్టడానికే పని నేర్పావా అని కూడా అన్నాను. అంతా విని ఆయన, "అన్నం తిన్యావా?" అని అడిగాడు. నేను ఫోన్ పెట్టేశాను. ఆ తర్వాత పిలిచినా పోలేదు. ఈ వారం పోదాం, వచ్చే వారం పోదాం అనుకుంటూనే ఉన్నాను.

దినాలకు ఆ హాలహర్వి రైతు కూడా వచ్చాడు. భోజనాలయ్యాక నా పక్కన కూర్చున్నాడు.

"నీ గురించి ఆయప్ప శానా బాగా సెప్పినాడప్పా. మోటారు నిజంగానే పోయింటాది, మావోడు మార్చింది సరైన పనే, తీగ తర్వాత తెగింది అన్యాడు."

పని విషయంలో చిన్నాయన అబద్ధం చెప్పగా నేనెప్పుడూ చూడలేదు. పాతగా తెగితే నల్లబడే ఆ తీగ కొసలు చూడగానే తీగ ఎప్పుడు తెగిందో ఆయనకు తెలియకుండా ఉండదు. నాకోసం చెప్పాడు. నేను తిడుతున్నప్పుడు ఆ మాట నాతో అనలేదు. అక్కడే, అందరి ముందే నాకు ఏడుపొచ్చింది.

ఆ రైతు వెళ్లి కారు వెనక సీట్లో ఎడమవైపు కూర్చున్నాక, పరుగున పోయి అద్దం తట్టాను. అద్దం దిగింది.

"పాత మోటారు బాగానే ఉండెన్నా. తీగే తెగింది. నేను సూసుకోలేదు, తప్పు నాది," అన్నాను.

ఆయన వేలు స్విచ్చి మీదికి పోయింది.

"ఆయప్ప సెప్పినట్లే ఉండనీలే," అని స్విచ్చి నొక్కాడు.

అద్దం ఎక్కడా తడబడకుండా పైదాకా ఎక్కి మూసుకుంది. నేను దానిమీద అరచేయి ఆనించి, కారు కదిలేదాకా అట్లాగే నిలబడ్డాను. దుమ్ములో పడిన నా అయిదు వేళ్ల గుర్తులు ఆదోని దారిన పోయాయి.