ఎడమ పక్క పెట్టె

మా మరిదిని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మందుల కంపెనీలకు పెట్టెలు గీసే ఉద్యోగం అతనిది. ఆ మాటంటే ముఖం మాడ్చుకుంటాడు. గీయడం కాదట, డిజైనట!

కంటి చుక్కలకూ చెవి చుక్కలకూ కొత్త పెట్టెలు చేసే పని వచ్చినప్పుడు మా భోజనాల బల్ల మాకు కాకుండా పోయింది. సీసాను కొలవడం, అట్ట కత్తిరించి మడవడం, బిగుతైందని విప్పడం, మళ్ళీ మడవడం. ఈ నీలం నచ్చలేదని ఇంకో నీలం. చివరికి గోడకు చెక్క అర బిగించి, మందుల షాపులో లాగా పెట్టెలు వరసగా పేర్చి, దూరంగా నిలబడి మురిసిపోయేవాడు. ఎడమ పక్కవి కంటివి, కుడి పక్కవి చెవివి. పేరు చదివితే తప్ప ఏది ఏదో తెలియదు. కంపెనీవాళ్ళు వచ్చి ఆహా ఓహో అన్నారు. ఒక్క పెట్టెనైనా చూపు ఆననివాళ్ళ చేతికిచ్చి చదివించిన పాపాన పోలేదు.

"రెండూ ఒకేలా ఉన్నాయి కదయ్యా," అన్నాను.

"ఒకే కంపెనీవని తెలియాలి వదినా. నీకర్థం కాదులే."

"వాడి పనిలో వేలు పెట్టకు," అన్నారు అత్తగారు కుర్చీలోంచి. ఆవిడకు ఒక కన్ను ఎప్పుడో పోయింది. రెండో దానికి ఆపరేషన్ చేయించాలి. ఇంటిల్లిపాది ప్రాణాలూ ఆ కంటి మీదే ఉండేవి.

ఆపరేషన్ బాగా జరిగింది. అప్పటికి ఆ పెట్టెలు బజారుకొచ్చేశాయి. అత్తగారికి రాసిన చుక్కలు వాటిలోనే వచ్చాయి. అంతలో మరిదికి చెవిపోటు. తన చుక్కలు తెచ్చి ఆవిడ మందున్న సొరుగులోనే పడేశాడు.

ఆ రోజు నేను బయటికి వెళ్తూ, "అత్తయ్యకు మందు వెయ్యి. పేరు చదివి మరీ వెయ్యి," అన్నాను.

"నా పెట్టె నాకు తెలీదా!" అని నవ్వాడు.

తిరిగొచ్చేసరికి అత్తగారు కన్ను పట్టుకుని మెలికలు తిరిగిపోతున్నారు. బల్ల మీద మూత తీసిన చెవిమందు సీసా. సొరుగులో ఎడమ పక్కన ఉందట, అందుకని తీశాడట! నోటికొచ్చినట్టు తిట్టాను. తిట్టి ఏం లాభం? ఆస్పత్రికి పరిగెత్తాం. డాక్టరు పెదవి విరిచాడు. ఆ కన్నూ పోయింది.

తర్వాత పెట్టెలు మార్చారు. మార్చింది మరిదే. కంటిమందుది ఆకుపచ్చ, దాని మీద ఇంత పెద్ద కన్ను బొమ్మ. అచ్చయిన మొదటి పెట్టె తెచ్చి తల్లి చేతిలో పెట్టాడు.

"ఇక ఎవరూ పొరపడరమ్మా."

అత్తగారు దాన్ని అటూ ఇటూ తిప్పి తడిమారు. "నున్నగా బాగుందిరా. దీని మీద ఏం వేశావు?"

మరిది తల దించుకున్నాడు. నాకు జాలి కలగలేదు.

"చెప్పండి మరిదిగారూ," అన్నాను. "మీ అమ్మ అడుగుతోందిగా, చెప్పండి."