వసారాలో పదహారు రేకులు

బెజవాడలో మేము ఇల్లు కట్టుకున్నది యుద్ధం మొదలైన మరుసటి ఏడు. మావారి బట్టల కొట్టు అప్పటికి నిలదొక్కుకుంది. ఇంటి విషయంలో నన్నెవరూ ఏమీ అడగలేదు. గదులెన్నో మావగారు చెప్పారు, తలుపులకు ఏ రంగో మా మరిది చెప్పాడు, వంటింటి కిటికీ ఎటుండాలో కూడా మగవాళ్ళే తేల్చారు. అందుకే ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ పొయ్యి పొగంతా నా కళ్ళలోకే వచ్చేది. నేను నోరు తెరిచి అడిగింది ఒక్కటే. మా అమ్మ మంగళగిరిలో మగ్గం ఇంటి ముందు వేసే పదహారు రేకుల పద్మాన్ని మా ముందు వసారా ఎర్ర గచ్చులో తెల్ల సిమెంటుతో పోయించమన్నాను.

చిన్న ముగ్గు కాదది. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా వస్తుంది. ఒక్కో రేకు చేటంత, గీతలు రెండు వేళ్ళ వెడల్పు. సన్నగా గీయడం మా అమ్మకు చేతకాదు, నాకూ చేతకాదు.

గచ్చు పచ్చిగా ఉండగానే తాపీమేస్త్రి నన్ను పిలిచాడు. అడ్డంగా వేసిన బల్లచెక్క మీద కూర్చుని నేను పుల్లతో గీస్తుంటే, అతను గీతల వెంట కోసి తెల్ల సిమెంటు నింపుతూ వచ్చాడు. మధ్యలో ఒకసారి చెయ్యి ఆపాడు.

“అమ్మగారూ, ముగ్గన్నాక వెయ్యకూడని రోజు కూడా వస్తదండి. ఇదేమో చెరిగేది కాదు. ఆలోచించుకున్నారా?”

“నీ పని నువ్వు కానివ్వవయ్యా,” అన్నాను.

అతని మాట వినాల్సిందని తర్వాత చాలామంది నాతో అన్నారు. నేను మాత్రం అనను.

గృహప్రవేశం నాడు మద్రాసులో పెరిగిన మా తోటికోడలు గుమ్మంలో చెప్పులు విప్పుతూ గచ్చు వంక చూసింది.

“ఇదేంటక్కా, జట్కా వెనక బొమ్మేసినట్టుంది. మద్రాసులో ఇప్పుడెవరూ పువ్వులూ తీగలూ పెట్టించుకోవట్లేదు. అంతా నున్నగా, సాదాగా.”

వచ్చినవాళ్ళు నవ్వారు. మావారూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో, ఏ స్తంభం పక్కన నిలబడి నవ్వారో ఇప్పటికీ చెప్పగలను. మావగారొక్కరే నవ్వలేదు. పడక్కుర్చీ తెప్పించుకుని సరిగ్గా పద్మం నడుమ వేయించుకున్నారు. “కుర్చీ ఎక్కడ వెయ్యాలో వెతుక్కోనక్కర్లేదమ్మాయ్,” అన్నారు. అది మెచ్చుకోలో కాదో తెలియదు. ఆ ఇంట్లో ఆ ముగ్గు గురించి నేను విన్న మంచిమాట మాత్రం అదొక్కటే.

నాలుగేళ్ళకు ఒక ఉదయం ఆ కుర్చీలోనే పేపరు చదువుతూ పోయారు.

చావు జరిగిన ఇంటి ముందు పెద్ద దినం అయ్యేదాకా ముగ్గుండకూడదు. ఆ సంగతి నాకు తెలియక కాదు. పరామర్శకు వచ్చిన ప్రతివాళ్ళూ ముందు గచ్చు వంక, తర్వాత నా వంక చూశారు. మర్నాడు నేను పెరట్లో స్నానం చేస్తుండగా వసారాలోంచి ఉలి చప్పుడు వినిపించింది. తడి చీరతోనే పరుగెత్తుకొచ్చాను. మరిది ఎవరో కూలీని పట్టుకొచ్చాడు. అప్పటికే ఒక రేకు పెళ్ళలు పెళ్ళలుగా లేచిపోయింది.

“ఏమిటయ్యా ఇది?” అన్నాను.

“నాన్న పోతే ఇంటి ముందు ముగ్గెట్టుకుని కూర్చుంటామా వదినా? వచ్చినవాళ్ళంతా అదే అంటున్నారు. అయినా ఎలాగూ బాగోలేదు, పోతే పోయింది.”

మావారు అరుగు మీద తలవంచుకుని కూర్చున్నారు. మీరేమంటారని అడిగాను. “వాడు చెప్పేదీ నిజమే కదా,” అన్నారు.

నిజమే. కానీ ఎలాగూ బాగోలేదు అన్న మాటకూ మైలకూ సంబంధం లేదు. అది గృహప్రవేశం నాటి నవ్వు. నేను వెళ్ళి పద్మం నడుమ, మావగారి కుర్చీ ఉండే చోట చతికిలబడ్డాను. కూలీ ఉలి పక్కన పెట్టాడు.

“ముగ్గు కనపడకూడదు, అంతేగా? వెళ్ళి పేడ పట్రా,” అన్నాను మరిదితో.

“నేనా?”

“మరి కర్మ చేసే మీ అన్నయ్యా?”

బుట్టెడు పేడ తెచ్చి నా ముందు పడేశాడు. వసారా అంతా మందంగా అలికాను. పెద్ద దినం దాకా, ఎండి పగిలిన చోటల్లా మళ్ళీ మళ్ళీ అలికాను. సాయం ఎవరూ రాలేదు. మైల తీరిన రోజున కొబ్బరిపీచుతో రుద్ది కడిగితే పదిహేను రేకులు పైకి తేలాయి. పదహారోది ఉండాల్సిన చోట గుంట. యుద్ధం రోజులు, సిమెంటు పర్మిట్టుంటే గాని దొరకదు. ఎవరినో బతిమాలి తెచ్చిన కాస్త మామూలు సిమెంటుతో పూడ్పించాం. ఆ బూడిదరంగు మచ్చ చూడకుండా నేను ఒక్కరోజూ గుమ్మం దాటలేదు.

తర్వాత మరిది వేరుపడి ఇల్లు కట్టుకున్నాడు. తోటికోడలు నల్లగా, నున్నగా, సాదాగా గచ్చు పోయించుకుంది. రెండు వానాకాలాలకు అది తెల్లటి చారలు తేలింది. దాని మీద మద్రాసు నుంచి లినోలియం చాప తెచ్చి పరిచింది. అంచులు లేచి, వచ్చేపోయేవాళ్ళ కాళ్ళకు తగులుకునేది. ఒకనాడు కాగితం, పెన్సిలు పట్టుకుని మా ఇంటికి వచ్చింది.

“అక్కా, వసారాలో పద్మం నాకోసారి గీసిస్తారా? మద్రాసులో మా అన్నయ్యావాళ్ళు కూడా ఇలాంటిదే పోయించుకున్నారు.”

“జట్కా బొమ్మా?”

“అయ్యో, మీరింకా అది గుర్తుపెట్టుకున్నారా?”

కాగితం తీసుకుని, చుక్కలు కొలిచి పెట్టి, పదిహేను రేకులు జాగ్రత్తగా గీశాను. పదహారో చోటు వదిలేసి ఇచ్చాను.

“ఇక్కడ ఖాళీగా ఉందేంటక్కా?”

“మీ ఆయన్నడుగు,” అన్నాను.