కాగితం వెనక్కి తిప్పే సార్

వీపనగండ్ల బడిలో మా సోషల్ సార్‌కు ఏ కాగితమైనా చదివాక వెనక్కి తిప్పి చూసే అలవాటుండేది. తెల్లదొరలు పోయాక మనం రాజ్యాంగం రాసుకున్న పాఠం చెప్పిన రోజు, మమ్మల్నీ తరగతికి చట్టం రాసుకుని లీడర్‌ను ఎన్నుకోమన్నారు. మాలో ఒకణ్ణి ఎన్నుకుని, చట్టం రాసిచ్చాం. చదివి, వెనక్కి తిప్పారు.

"లీడర్‌ను దించుడెట్లనో ఏడ రాసిన్రు రా?"

"మన దోస్తే గద సార్, ఎందుకు దించుతం?" అని నవ్వాం.

సార్ నవ్వలేదు. మధ్యాహ్నానికి లీడర్ చేతిలో బెత్తం ఉంది. మంచినీళ్లకు లేవాలన్నా వాడినే అడగాలి. సార్‌కు చెప్పుకుంటే, కిటికీ దగ్గర నిలబడి అన్నారు: "మీరు రాసుకున్నదే గద."

నిన్న మా రైతు సంఘం కొత్త నియమాలు సంతకానికి వచ్చాయి. చదివి, కాగితం వెనక్కి తిప్పాను. ఖాళీ.

"అధ్యక్షుణ్ణి దించుడెట్లనో ఏడుంది?" అని అడిగాను.

అందరూ నవ్వారు. అధ్యక్షుడు నవ్వలేదు.